అడిగేదెవరప్పా?

వేంపల్లెలో లక్ష్మీనరసయ్య శెట్టిని ఎవరు ఏమడిగినా జవాబు ఒక్కటే: "అడిగేదెవరప్పా?" మీరు చక్కెర ఉందా అని అడగండి, టైమెంతయింది అని అడగండి, ఇల్లు అంటుకుంది ఒక బిందె నీళ్ళిస్తావా అని అడగండి, ముందు మీరెవరో చెప్పుకోవాలి. చెప్పుకున్నాక కూడా జవాబు వస్తుందని నమ్మకం లేదు.

ఈయన గురించి రాయాలని నేను చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. రాయకుండా ఆపిన కారణం ఒకటి ఉండేది. ఆ కారణం ఈమధ్యే ఆదోని దిక్కు ఒక ఊర్లో మంచం పట్టి చచ్చిపోయిందని కబురొచ్చింది. అయ్యో పాపం అనడానికి నోరు రాలేదు. కాగితాలు తీసుకుని కూర్చున్నాను.

శెట్టి అంగడి పాత బస్టాండు వెనక వీధిలో ఉండేది. ముందు సగం కిరాణా, వెనక సగం నెట్ సెంటర్. అది 2008. వేరుశనగ మళ్ళీ ఎండిపోయిన సంవత్సరం. ఊర్లో సగం మంది మగవాళ్ళు కువైట్‌లో ఉన్నారు, మిగతా సగం కువైట్‌కు దారి వెతుక్కుంటున్నారు. ఈ రెండు సగాలనూ నమ్ముకుని శెట్టి మూడు కంప్యూటర్లు కొన్నాడు. బెల్లం దిమ్మెల పక్కన కూర్చుని ఆడవాళ్ళు కువైట్‌లో ఉన్న మొగుళ్ళతో మాట్లాడి ఏడ్చేవాళ్ళు. చీమలు కీబోర్డుల్లోకి కాపురం మార్చాయి.

"శెట్టీ, మా ఆయప్ప ఫోన్ చేసినాడా?" అని ఒకామె రోజూ వచ్చి అడిగేది.

"అడిగేదెవరమ్మా?"

"నేను కదప్పా! నిన్న గూడా వచ్చినాను."

"నిన్న వచ్చినామె నువ్వేనని నాకెట్ల తెల్సు?"

చింతపండు ఉందా అని వచ్చినవాళ్ళు ఈ విచారణ తట్టుకోలేక పక్కంగడికి పోయేవాళ్ళు. పక్కంగడి శెట్టి మిద్దె మీద మిద్దె కట్టుకున్నాడు. అది సగం మా నరసయ్య శెట్టి కట్టించిన మిద్దేనని ఊర్లో అందరూ అనేవాళ్ళు.

గుళ్ళో అర్చనకు పోతే పూజారి గోత్రం అడిగాడు. "అడిగేదెవరప్పా?" అన్నాడు శెట్టి. పూజారికి ఒళ్ళు మండి, "స్వామి అడుగుతాండాడు" అన్నాడు. "స్వామికైతే తెల్సు కదా" అని శెట్టి కండ్లు మూసుకున్నాడు. జనాభా లెక్కల మనిషి మూడు రోజులు తిరిగి, ఆ ఇంటికి తాళం వేసి ఉందని రాసుకుని పోయాడని చెప్పుకునేవాళ్ళు. ఆస్పత్రిలో డాక్టరు నొప్పి ఎక్కడ అని అడిగినప్పుడు ఏం జరిగిందో నేను ఊహించుకోగలను కానీ, చూసినవాళ్ళు నాకెవరూ దొరకలేదు.

ఇంట్లో కూడా అంతే. భార్య ప్రమీలమ్మ పొద్దున పదకొండింటికి లోపలినుంచి కేకేసేది.

"ఏమయ్యా, బువ్వ పెట్టేదా?"

"అడిగేదెవరు?"

"నీ పెండ్లాన్ని. ఇరవై రెండేండ్ల కిందట తాళి కట్టింటివే, ఆ యమ్మను."

"అయితే పెట్టు."

ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేది. లక్ష్మక్క. వెనక గదిలో గోనెసంచి మీద కూర్చుని పొద్దంతా చింతపండులో గింజలు తీసేది. ఆమె ఎడమ చేతికి మూడు వేళ్ళే. మిగతా రెండూ ఏమయ్యాయని మేము అడగలేదు. ప్రమీలమ్మ ఆమెను మా చుట్టమని చెప్పేది. ఎటువైపు చుట్టమని శెట్టిని అడిగితే ఏమంటాడో మీకిప్పుడు తెలుసు.

లక్ష్మక్క బజారుకు వచ్చేది కాదు, తిరునాళ్ళకు వచ్చేది కాదు. నెట్ సెంటర్‌కు వచ్చే పిల్లలకు మాత్రం ఉగ్గాని చేసిపెట్టేది. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి పిండి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేయించి, పప్పులపొడి చల్లి ఆమె చేసే ఉగ్గాని కోసమే నేను కంప్యూటర్ నేర్చుకున్నానంటే అబద్ధం కాదు. అది వాళ్ళ కర్నూలు దిక్కు రుచి. "దుడ్లు యాడివి మీకు, తినండి" అనేది. డబ్బుకు దుడ్లు అనే మాట మా దిక్కుది కాదని గమనించేంత తెలివి పదో తరగతిలో మాకు లేదు.

ఆ సంవత్సరం మా బడికి శ్రీవిద్య మేడమ్ కంప్యూటర్ టీచరుగా వచ్చింది. వచ్చిన కొత్తలోనే పక్క మండలంలో ఒక పిల్ల ఫోటో ఎవడో నెట్‌లో పెట్టి, కింద ఫోన్ నంబరు రాశాడు. ఆ పిల్లది మా వయసే. పరీక్షలు రాయలేదు. ఆ తర్వాత సంగతి మేడమ్ మాకు సగమే చెప్పి బోర్డు వైపు తిరిగి చాలాసేపు చెరుపుతూ నిలబడింది. బోర్డు మీద అప్పటికి ఏమీ లేదు.

ఇటు తిరిగాక మాకు ప్రాజెక్టు ఇచ్చింది. "ఇంటర్నెట్‌లో జాగ్రత్తలు. ముగ్గురు ముగ్గురు కలిసి చేయాలి. ఒకరు చేసి ఇద్దరు పేర్లు రాసుకుంటే గోడకుర్చీ వేయిస్తా. బాగా చేసినవాళ్ళను కడప ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతా."

మా గుంపులో నాకు, అంటే భూపేష్‌కు, నోరు ఎక్కువ. తేజేశ్వర్‌కు కంప్యూటర్ ఎక్కువ. శ్రీవాసవికి బుర్ర ఎక్కువ. బళ్ళో కంప్యూటర్లు ఉన్నాయి కానీ వాటికి నెట్ లేదు. అందుకని శెట్టి అంగడికి పోయాము.

"శెట్టి మామా, నెట్ వస్తాండాదా?" అన్నాను.

"అడిగేదెవరప్పా?"

నేను తల పట్టుకున్నాను. శ్రీవాసవి మాత్రం టక్కున నోటు పుస్తకం తెరిచింది. "ఒరే, మొదటి జాగ్రత్త ఇదే కదరా! నెట్‌లో ఎవరేమడిగినా ముందు ఈ మాట అడగాల."

శెట్టికి సిగ్గు ముంచుకొచ్చింది. పదహారేళ్ళుగా ఊరంతా ఎగతాళి చేసిన మాటను ఒక పిల్ల పుస్తకంలో రాసుకుంటోంది. ఆ రోజునుంచి ఆయనే మాకు గురువు. బెల్లం కొడుతూ పాఠం చెప్పేవాడు.

"అడిగినోడు మంచోడైతే పేరు చెప్తాడు. చెడ్డోడైతే కోప్పడతాడు. యాడైనా, ఎప్పుడైనా ఇంతే పాపా."

"మర్యాదగా అడిగితే మామా?"

శెట్టి బెల్లం కొట్టడం ఆపాడు. "మర్యాదగా అడిగితే ఇంగా రెండుసార్లు అడుగు" అన్నాడు.

పది జాగ్రత్తలు తయారయ్యాయి. తేజేశ్వర్ వాటిని నెట్‌లో ఒక పేజీగా పెట్టాడు. పదో జాగ్రత్త ఎర్ర అక్షరాల్లో ఉండేది: 'పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఫోటో ముక్కూ మొగం తెలియనివాళ్ళకు ఇవ్వరాదు.'

చూసుకుంటే పేజీ బోసిగా అనిపించింది. మా దిక్కు పెండ్లిపత్రిక వేస్తే పాలు తాగే పిల్లోడి పేరు కూడా వేయాల్సిందే. బోరింగు వేయిస్తే దాతగారి తాత పేరుదాకా చెక్కాల్సిందే. అంత పని చేసి పేర్లు లేకపోతే ఎట్లా? పదో జాగ్రత్త కిందనే, పచ్చ అక్షరాల్లో, 'ఈ ప్రాజెక్టు చేసినవారు' అని మా పేర్లు, నాయనల పేర్లు, ఊరు వేంపల్లె అని, మా ఇంటి ఫోన్ నంబరు వేశాము. ఒక ఫోటో కూడా పెట్టాము. శెట్టి ఫోటో అంటే "తీసేదెవరప్పా?" అని పారిపోయేవాడు కాబట్టి, ఆయన సరుకులకు కడప పోయిన రోజు తేజేశ్వర్ వాళ్ళ అన్న కెమెరాతో లోపల బెల్లం దిమ్మెల పక్కన తీశాము. ముందు మేము ముగ్గురం, వెనక ఉగ్గాని పళ్ళెం పట్టుకుని లక్ష్మక్క. ఆమె వద్దు వద్దంటూనే ఉంది. మేమే బతిమాలాము. కింద 'మాకు ఉగ్గాని చేసిపెట్టిన లక్ష్మక్కకు కృతజ్ఞతలు' అని వేశాము. మేడమ్‌కు పది జాగ్రత్తలే చూపించి, కిందిది తర్వాత చూపిద్దామని దాచుకున్నాము. ఆర్కుట్‌లో రాయలసీమ వాళ్ళ గుంపు ఒకటుంటే, అందులో పెట్టి అందరూ చూడండి అని రాశాము.

ఆ పేజీ మేము చేసిన విధం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

నాలుగు రోజులకు మాకో మెయిల్ వచ్చింది. మా జీవితంలో మొదటి మెయిల్. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. 'పిల్లలూ శానా బాగా చేసినారు. నేను రిటైరైన హెడ్మాస్టరును. మీ ఊరికి వచ్చి మిమ్మల్ని మెచ్చుకోవాలని ఉండాది. ఫోటోలో ఉండే అంగడి యాడ? ఉగ్గాని చేసిన అమ్మకు గూడా ఒక చీర పెడతాము.'

నేను కుర్చీ మీద ఎక్కి ఎగిరాను.

"పేరు రాయలేదే?" అంది శ్రీవాసవి.

"హెడ్మాస్టరుకు పేరేంటికి? హెడ్మాస్టరే పేరు" అన్నాను.

జవాబు నేను చెప్తుంటే తేజేశ్వర్ కొట్టాడు: 'వేంపల్లె పాత బస్టాండులో దిగి శెట్టి అంగడి అని అడగండి. ఎవరినడిగినా చెప్తారు.' పది నిమిషాల్లో బదులొచ్చింది. 'ఆదివారం వస్తాండాము.'

శుక్రవారం మధ్యాహ్నం శెట్టికి ఈ శుభవార్త చెప్పాము. "మామా, నీ అంగడికి హెడ్మాస్టరు వస్తాండాడు!"

"చెప్పిందెవరప్పా?" అంటూనే వచ్చి తెర మీద చదివాడు. పేజీ చూశాడు. ఫోటో దగ్గర ఆగాడు. పళ్ళెం కింద లక్ష్మక్క ఎడమ చెయ్యి, ఆ మూడు వేళ్ళు, స్పష్టంగా కనిపిస్తున్నాయి. శెట్టి ఏమీ అడగలేదు. ఆయన ఏమీ అడగకపోవడం మేము అంతకుముందు చూడలేదు. పట్టపగలు పోయి షట్టరు సగం దించి వచ్చాడు.

ప్రమీలమ్మ వచ్చింది. లక్ష్మక్క వచ్చి, చదవడం రాదు కాబట్టి నన్ను చదవమంది. చదివాను.

"చీర పెడతామని ఉండాదా?"

"ఉండాదక్కా."

"అయితే ఆ యప్పే. రాసింది ఎవరో, రాయించింది ఆ యప్పే. పోయినసారి గూడా చీర పెడతామనే వచ్చినాడు."

ఆమె నేల మీద కూర్చుని మళ్ళీ చింతపండు తీయడం మొదలుపెట్టింది. గింజలు ఎక్కడెక్కడో పడుతున్నాయి. ఏం చేశామో మాకింకా అర్థం కాలేదు. ఏదో చేశామని మాత్రం అర్థమైంది.

శెట్టి బెల్లం దిమ్మె మీద కూర్చున్నాడు.

"పదహారేండ్ల కిందట నేను డోన్‌లో నూనె మిల్లులో గుమాస్తాను. మిల్లు ముందర కూర్చునింటి. తెల్ల చొక్కా వేసుకుని ఒకాయప్ప వచ్చినాడు. అన్నా అన్నాడు. మా చెల్లెలికి చీర పెట్టాల, కొత్తగా వచ్చి ఈ వీధిలోనే ఉండాదంట, ఇల్లు తెలియడంలేదు అన్నాడు. ఎంత మర్యాద! అంత మర్యాదగా అడిగితే చెప్పకుండా ఎట్లుంటాము? బోరింగు పక్కన నీలం తలుపు, ఎవరినడిగినా చెప్తారు పోప్పా అని చెయ్యి గూడా చూపించినా."

ఆయన తన చేతిని చూసుకున్నాడు.

"చెల్లెలు కాదు, పెండ్లాము. కొట్టి చంపుతాండాడని పారిపోయి వచ్చి దాక్కునింది. ఆ యప్ప లాగితే గడప పట్టుకుని వదల్లేదంట. వదిలించేదానికి కొడవలి తీసినాడు. మేము పరిగెత్తి పోయేతలికి ఆ యప్ప లేడు. గడప మీద రెండు వేళ్ళు ఉండాయి."

నేను ఏడుస్తూ, "మామా, జవాబు నేనే రాయించినాను" అన్నాను.

"నేనూ చెప్పినానులే నాయనా" అన్నాడు శెట్టి. "నిన్ను తిట్టే మొగం నాకు యాడిది?"

కర్నూలు ఆస్పత్రిలో నెలరోజులు ప్రమీలమ్మ ఆమె దగ్గర ఉందట. తర్వాత ముగ్గురూ కలిసి సొంతూరు వేంపల్లెకు వచ్చేశారు.

"అయితే మామా," అంది శ్రీవాసవి ముక్కు తుడుచుకుంటూ, "అక్క సంగతి అడిగితే చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా. చక్కెర ఉండాదా అంటే గూడా ఏంటికి అట్ల?"

"ఆ ఒక్కటే చెప్పకపోతే, అదొక్కటే ఏంటికి చెప్పడంలేదని అనుమానం వస్తాది కదా పాపా. అందుకని చక్కెర సంగతి గూడా చెప్పేది మానేసినా."

ఊరంతా పిచ్చి అనుకున్నది ఇదన్నమాట. ఒక ఆడమనిషి కోసం పదహారేళ్ళు ఈయన గోత్రం చెప్పలేదు, టైము చెప్పలేదు, పక్కంగడికి మిద్దె కట్టించాడు. ఆయన కాళ్ళమీద పడాలనిపించింది నాకు. సిగ్గేసి పడలేదు.

లక్ష్మక్కను శ్రీశైలం సత్రానికి పంపిద్దామంది ప్రమీలమ్మ. లక్ష్మక్క తల అడ్డంగా ఊపింది. "ఇంగ యాడికీ పోను. పోయిన ప్రతి ఊర్లో మర్యాదస్తుడు ఒకడు ఉంటాడు."

శ్రీవాసవి మమ్మల్ని బయటికి లాక్కొచ్చింది. "మామ చక్కెరకు చేసింది మనము ఊరంతటికీ చేద్దామురా."

"ఊరికి చెప్పేస్తే అక్క సంగతి అందరికీ తెలిసిపోతాది కదే?" అన్నాను.

"చెప్పము. ప్రాజెక్టు అని చెప్తాము."

ముందు పోయి శ్రీవిద్య మేడమ్‌కు ఉన్నదంతా చెప్పాము. ఆమె మమ్మల్ని తిట్టింది, ఏడ్చింది, పేజీ తీయించింది, చెప్పులు వేసుకుని పోలీస్ స్టేషన్ వైపు నడిచింది. అక్కడ సుందరం అనే కానిస్టేబుల్‌తో, ఎవరో పేరులేని మనిషి బడిపిల్లలకు మెయిల్ రాసి ఆదివారం వస్తానంటున్నాడని, అంతవరకే చెప్పింది.

మేము ముగ్గురం ఊరు పంచుకున్నాము. తేజేశ్వర్‌కు ఆటో స్టాండు, శ్రీవాసవికి గుడీ బజారూ, నాకు బస్టాండు. అందరికీ ఒకే మాట: ఆదివారం ఊరికి కొత్తవాళ్ళు వచ్చి ఏమడిగినా 'అడిగేదెవరప్పా?' అనాల. వేరే మాట చెప్పకూడదు. అందరూ సరిగ్గా అంటే మమ్మల్ని కడప ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతారు.

"అది నరసయ్య శెట్టి తెవులు కదప్పా, మాకేంటికి అంటిస్తారు?" అంది బస్టాండులో ఇడ్లీలమ్మే తిరుపతమ్మ.

"మార్కులు వస్తాయమ్మా."

"మార్కులా? అట్లయితే సరే."

మా ఊర్లో వానకోసం చేయని పనులు మార్కులకోసం చేస్తారు.

ఆదివారం పదింటికి తెల్ల సుమో వచ్చి ఆగింది. నలుగురు. ముందు దిగినాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. యాభై దగ్గర ఉంటాడు. నవ్వు మొహం. నేను బస్సు వెనక దాక్కుని చూస్తున్నాను. అంత మంచివాడిలా ఉంటాడని నేననుకోలేదు.

"అక్కా, బాగుండావా? ఈడ శెట్టి అంగడి యాడక్కా?"

"అడిగేదెవరప్పా?" అంది తిరుపతమ్మ, నాకేసి ఓరగా చూసి.

"ఇన్సూరెన్సోళ్ళము అక్కా."

"పేరేమప్పా?"

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. "సరేలే, ఇడ్లీలన్నా ఉండాయా?"

"అడిగేదెవరప్పా?"

మార్కులు ఎక్కడ తగ్గుతాయోనని ఆమె బేరం కూడా వదులుకుంది. నా కండ్లలో నీళ్ళు తిరిగాయి.

ఆటో స్టాండులో ఏసురాజు ఇంకా మించాడు. దారి తెలిసిన ఆటోవాడైతే నయమని ఆయన సుమో దిగి ఎక్కితే, ఇంజను వేసి, "యాడికి పోవాలన్నా?" అన్నాడట. "శెట్టి అంగడికి" అంటే "అడిగేదెవరప్పా?" అన్నాడట. "నీ ఆటో ఎక్కినోన్ని!" "ఎక్కినోళ్ళు శానామంది ఉంటారన్నా." ఆయన మేము పెండ్లిసంబంధానికి వచ్చినాము అని దిగిపోయాడు. గుళ్ళో పూజారి అయితే ఏళ్ళనాటి బాకీ తీర్చుకున్నట్లు కళకళలాడుతూ "అడిగేదెవరు నాయనా? గోత్రం?" అన్నాడు. అక్కడ ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

ఊరంతా వరసగా ఇదే. పాపం, పులివెందుల నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన బస్సు ఎన్నింటికని అడిగి, అందరిచేతా అదే మాట అనిపించుకుని, చివరికి తన పేరు తనకే అనుమానంగా చెప్పుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు. ఆయనకు నేను క్షమాపణ చెప్పుకోవాల్సి ఉంది.

పన్నెండింటికి ఎండకు ఆగలేక సుమో సోడా కోసం ఆగింది. ఆగింది సరిగ్గా మా శెట్టి అంగడి ముందు.

నేను సందుల్లో పరిగెత్తి వచ్చి అప్పుడే మొదటి కంప్యూటర్ చాటున నక్కి కూర్చున్నాను. వెనక గది పరదా చాటున లక్ష్మక్క. ఆమె పక్కన ప్రమీలమ్మ, చేతిలో రెండు కిలోల తూకం రాయి. ఊపిరి వినపడుతుందేమోనని నేను ఊపిరి తీయడం మానుకున్నాను.

"అన్నా, సోడా ఉండాదా?"

"అడిగేదెవరప్పా?" అన్నాడు శెట్టి.

పొద్దుటినుంచి అందరితో నవ్విన మొహం అక్కడ పగిలింది. "నువ్వు గూడానా! ఈ ఊర్లో పుట్టినోళ్ళందరికీ ఇదే రోగమా?" బల్ల మీద గట్టిగా కొట్టాడు. త్రాసు గలగలమంది. "ఒక ఆడమనిషి. ఎడమ చేతికి రెండు వేళ్ళు ఉండవు. చూసినావా, లేదా?"

శెట్టి మొహం నాకు పక్కనుంచి కనిపిస్తోంది. చక్కెర అడిగినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. పదహారేళ్ళు రోజుకు వందసార్లు ఆ మొహం పెట్టి అలవాటు చేసుకున్నది ఈ ఒక్క నిమిషం కోసమే.

"అడిగేదెవరప్పా?"

"థూ! పిచ్చి నాకొడుకుల ఊరు" అని ఆయన వెనక్కి తిరిగాడు. తిరిగితే ఎదురుగా, బస్టాండు నుంచీ సుమో వెనకే తిరిగిన కానిస్టేబుల్ సుందరం, చేతిలో పుస్తకం.

"నాకూ అదే కావాల. అడిగేదెవరప్పా? ఇన్సూరెన్సా, పెండ్లా, బడా? లైసెన్సు తీయండి. బండిలో గోనెసంచి కింద ఏముండాదో అది గూడా తీయండి."

సంచి కింద తాడు, కొడవలి ఉన్నాయి. లైసెన్సు మీద రంగన్న అని ఉంది. పదహారేళ్ళుగా శెట్టి అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆరోజు పోలీసు పుస్తకంలో రాయించుకున్నాము.

మర్నాడు మేడమ్ తోడు రాగా లక్ష్మక్క స్టేషన్‌కు పోయి అంతా చెప్పి వేలిముద్ర వేసింది, ఎడమ చేత్తో. రంగన్న అన్న కొడుకు ఒకడు కర్నూలులో చదువుతున్నాడని, ఫోటో చూసింది, మెయిల్ రాసింది వాడేనని అక్కడ తెలిసింది. రంగన్న కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు. తర్వాత మా ఊరి దిక్కు రాలేదు; ఆదోని దిక్కు చచ్చిపోయిన కారణం ఆయనే. ఊరికి మాత్రం అసలు సంగతి తెలియదు. ఇది చదివితేనే తెలుస్తుంది.

కడప ఎగ్జిబిషన్‌కు పోయాము. పది జాగ్రత్తల చార్టు పెట్టాము. పేర్లు వేయలేదు. పెద్ద సార్లు వచ్చి మెచ్చుకుని, ఈ ప్రాజెక్టు చేసిందెవరు అన్నారు. నేను నోరు ఆపుకోలేక "అడిగేదెవరు సార్?" అన్నాను. బహుమతి రాలేదు.

ఆ ఆదివారం సంగతి ఇంకొంచెం మిగిలింది. సుమోను స్టేషన్‌కు తోలుకుపోయాక శెట్టి బెల్లం దిమ్మె మీద కూలబడ్డాడు. తేజేశ్వర్, శ్రీవాసవి పరిగెత్తుకుంటూ వచ్చారు. ప్రమీలమ్మ తూకం రాయి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని తిరుగుతోంది. లోపల తాలింపు చిటపటమంది. కాసేపటికి లక్ష్మక్క పళ్ళెం పట్టుకుని పరదా దాటి ముందంగట్లోకి వచ్చింది. వీధిలోకి కనిపించేచోట ఆమె నిలబడడం అదే మొదలు.

"ఉగ్గాని పెట్టేదా అన్నా?"

"అడిగేదెవరమ్మా?" అన్నాడు శెట్టి అలవాటుకొద్దీ. రోజూ అయితే ఆమె 'లక్ష్మక్కను' అనేది.

ఆమె వీధివైపు ఒకసారి చూసింది. గొంతు సవరించుకుంది.

"మద్దమ్మను" అంది గట్టిగా. "నా పేరు మద్దమ్మ అన్నా."

శెట్టి తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "అయితే పెట్టు మద్దమ్మా" అన్నాడు.

అందరం తిన్నాము. ఉగ్గానిలో ఉప్పు రెండుసార్లు పడినట్టుంది, నాలుక మీద పెట్టుకోలేకపోయాము. మద్దమ్మ మా ముగ్గురి ఎదురుగా కూర్చుని, "ఎట్లుండాది?" అంది.

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాము.

"అడిగేదెవరమ్మా?" అన్నాము.